ఎల్ఎస్ స్వాప్‌లో ఆయిల్ ఫిల్టర్: ఇంజిన్ చూసి కాదు, ఆయిల్ పాన్ చూసి కొనండి

ఎల్ఎస్ స్వాప్ (జనరల్ మోటార్స్, అంటే జీఎం వాళ్ళ ఎల్ఎస్ వీ8 ఇంజిన్‌ని వేరే బండిలో పెట్టడం) చేసేవాళ్ళు ఇంజిన్ మౌంట్ల గురించీ వైరింగ్ గురించీ నెలల తరబడి చదువుతారు గానీ ఆయిల్ ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి "దాన్దేముందిలే, షాపుకెళ్తే ఇస్తాడు" అనేస్తారు. అమెరికాలో ఏ పార్ట్స్ షాపుకెళ్ళినా కౌంటర్లో మొదట అడిగేది బండి ఏ ఇయరు, ఏ మోడలు అని. బండేమో నిస్సాన్ 240ఎస్ఎక్స్, ఇంజిన్ సిల్వరాడో ట్రక్కులోంచి పీకిన 5.3 లీటర్ ఎల్ఎం7, ట్రక్కు ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మరీ లోతుగా ఉండి క్రాస్‌మెంబర్‌కి (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే ఫ్రేమ్ కమ్మీ) తగుల్తుంది కాబట్టి కింద 1998-2002 కమారో పాన్ వేశారు, ఇంక ఏ బండి పేరు చెప్తారు?

చెప్పాల్సింది పాన్ ఏ బండిదో. ఎల్ఎస్‌లో ఫిల్టర్ ఇంజిన్ బ్లాక్‌కి కాదు, నేరుగా ఆయిల్ పాన్‌కే, డ్రైవర్ వైపు (అమెరికా బండ్లలో ఎడమ పక్క) వెనక మూలన కిందికి వేలాడుతూ ఉంటుంది. పాన్ మారితే ఫిల్టర్ చోటు మారుతుంది, కూర్చునే ఫేసు మారుతుంది, ఒక్కోసారి స్టడ్ (ఫిల్టర్ ఎక్కించే మరల గొట్టం) త్రెడ్ కూడా మారిపోతుంది. ఇంజిన్ నంబర్ చూసి తెచ్చిన ఫిల్టర్ సరిపోతే అది మీ అదృష్టం, అంతే.

ముందు త్రెడ్ సంగతి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే ఇంజినే పోతుంది. పాత ఎల్ఎస్ పాన్లలో స్టడ్ 13/16-16 ఇంచు త్రెడ్ (13/16 ఇంచు వెడల్పు, ఇంచుకి 16 మరలు), వీటికి ఏసీడెల్కో పిఎఫ్46 లాంటివి పడతాయి. 2007 ప్రాంతం నుంచి జీఎం ఎం22×1.5 కి (22 మిల్లీమీటర్ల వెడల్పు, మరకీ మరకీ మధ్య 1.5) మారింది, పిఎఫ్48 ఈ రకం, పిఎఫ్63 కూడా ఇదే త్రెడ్డే కానీ పొడుగు ఎక్కువ. పిఎఫ్46, పిఎఫ్48 పక్కపక్కన పెడితే దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అసలు చిక్కంతా అక్కడే. 13/16 ఇంచు అంటే 20.64 మిల్లీమీటర్లు. 22 మిల్లీమీటర్ల ఫిల్టర్‌ని ఆ స్టడ్ మీద పెడితే త్రెడ్ అంచులు మాత్రం కాస్త తగుల్తాయి, కొంచెం పట్టినట్టే ఉంటుంది, రబ్బరు ఆనగానే బిగిసిందనే అనుకుంటాం, తర్వాత పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ప్రెషర్ లేచేసరికి ఫిల్టర్ ఊడిపోయి ఆయిలంతా రోడ్డు మీద పారుతుంది. తిరగేసి చూస్తే, 13/16 ఫిల్టర్ 22 స్టడ్ మీదికి అసలు ఎక్కనే ఎక్కదు. ఎక్కనిదానితో భయం లేదు, వదులుగా ఎక్కేదానితోనే భయం.

ఇది ఎల్ఎస్ వాళ్ళ బాధ ఒక్కటే కాదు. హోండా ఇంజిన్లకి ఎం20×1.5, టయోటాల్లో చాలావాటికి 3/4-16. ఇంచు లెక్కలో 3/4 అంటే 19.05 మిల్లీమీటర్లు, దాని మీద ఎం20 ఫిల్టర్ ఎక్కిస్తే మళ్ళీ అదే కథ. పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) చూస్తే ఒకటి 1.5, ఇంకోటి 1.5875 మిల్లీమీటర్లు, కంటితో తేడా పట్టడం కుదిరే పని కాదు. వెర్నియర్ కాలిపర్‌తో స్టడ్ బయటి కొలత తీసుకోండి: 20.5 చిల్లర వస్తే 13/16, 21.8 అటూఇటూ వస్తే ఎం22 అనుకోండి, ఆ మీదట త్రెడ్ గేజ్ పెట్టి ఖాయం చేసుకోండి. గేజ్ లేకపోతే ఆ సైజు అని గ్యారంటీగా తెలిసిన కొత్త ఫిల్టర్ తెచ్చి, వేళ్ళతోనే చివరిదాకా తిప్పి చూడండి, మధ్యలో గట్టిపడకూడదు, పక్కలకి ఊపితే లొడలొడలాడకూడదు. పాన్ సెకండ్ హ్యాండ్‌ది అయితే ఇంకా జాగ్రత్త, ఆ స్టడ్ విడి పార్టే, ముందు వాడినవాళ్ళు మార్చేసి ఉండొచ్చు. ఆ లెక్కన మీరూ మార్చుకోవచ్చు, పొట్టి ఫిల్టర్లు ఏ త్రెడ్‌లో ఎక్కువ దొరికితే ఆ స్టడ్ వేసుకోవడం చాలామంది చేసే పనే.

త్రెడ్ కుదిరాక రబ్బరు గాస్కెట్ కొలత. గాస్కెట్ మొత్తం పాన్ మీద నున్నగా మెషిన్ చేసిన రింగు మీదే కూర్చోవాలి, బయటి అంచు రింగు దాటి వేలాడినా, లోపలి అంచు ఆయిల్ హోల్ మీదికి వచ్చినా ఆ ఫిల్టర్ పనికిరాదు. గాస్కెట్‌కి కొంచెం ఆయిల్ రాసి చేత్తో బిగించి విప్పితే పాన్ మీద అచ్చు పడుతుంది, చుట్టూ ఒకేలా పడిందో లేదో చూస్తే చాలు.

ఇంక క్లియరెన్స్. ఫిల్టర్ దూరితే సరిపోదండి, బయటికి కూడా రావాలి. స్టడ్ ఎంత పొడుగుందో కనీసం అంత కిందికి దిగితేనే ఫిల్టర్ ఊడొస్తుంది, అంటే ఫిల్టర్ అడుగున క్రాస్‌మెంబరో స్వే బారో (మలుపుల్లో బండి ఒరగకుండా ఉంచే కమ్మీ) ఉంటే ఆ గ్యాపు స్టడ్ పొడుగు కన్నా ఎక్కువ ఉండాలి, ఆ పైన రెంచ్‌కి కూడా చోటు కావాలి. చివర క్యాప్ రెంచ్ పెట్టి రాచెట్ తగిలించే చోటు లేకపోతే పక్క నుంచి పట్టే స్ట్రాప్ రెంచ్ పడుతుందేమో చూడండి. కొందరు కేఅండ్ఎన్ హెచ్‌పీ ఫిల్టర్లు తీసుకుంటారు, చివర 1 ఇంచు నట్ ఉంటుంది కాబట్టి స్పానర్‌తో విప్పొచ్చని, బాగానే ఉంటుంది కానీ ఆ నట్ కూడా పొడుగులో లెక్కే.

గ్యాపు కొలవడానికి నాకు తెలిసిన తేలికైన పద్ధతి చపాతీ పిండి. నవ్వకండి, ఫిల్టర్ చుట్టూ దగ్గరగా ఉన్న చోటల్లా ముద్దలు అంటించి, ఇంజిన్ కింద చెక్క పెట్టి జాక్‌తో కాస్త పైకెత్తి దించండి, ముద్ద ఎక్కడ ఎంత నలిగిందో కాలిపర్‌తో కొలిస్తే మీ అసలు గ్యాపు అదే. ఎందుకు ఎత్తి చూడాలంటే, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద ఒరుగుతుంది, ఎల్ఎస్‌లో డ్రైవర్ వైపు పైకి లేస్తుంది, ఫిల్టర్ ఉన్నది కూడా ఆ వైపే. హెడ్డర్ (ఇంజిన్‌కి బిగించే ఎగ్జాస్ట్ పైపులు) ఇంజిన్‌తో పాటే కదుల్తుంది కాబట్టి ఫిల్టర్‌కీ హెడ్డర్‌కీ మధ్య దూరం మారదు. స్టీరింగ్ షాఫ్ట్, క్రాస్‌మెంబర్ మాత్రం బాడీకి ఉంటాయి, కాబట్టి వాటితో దూరం మారుతూనే ఉంటుంది. మెత్తటి రబ్బరు మౌంట్లు అయితే వాటివైపు అర ఇంచు అయినా వదలండి, పాలీయురేథేన్ అయితే కొంచెం తగ్గినా పర్లేదు. హెడ్డర్ వైపు కదలిక సమస్య కాదు, వేడి సమస్య, ఒక ఇంచు లేకపోతే మధ్యలో రేకు హీట్ షీల్డ్ పెట్టాల్సిందే, లేదంటే గాస్కెట్ గట్టిపడిపోయి మెల్లగా కారడం మొదలెడుతుంది. ఇంకోటి, బండిని నేల మీద దించి చూడండి, ఫిల్టర్ క్రాస్‌మెంబర్ కన్నా కిందికి దిగి ఉంటే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే దెబ్బ తినేది అదే, అప్పుడు పొట్టి ఫిల్టర్ తప్ప వేరే మాట లేదు.

పొట్టి ఫిల్టర్ అంటే లోపల పేపర్ తక్కువ, మురికి పట్టే కెపాసిటీ తక్కువ, ఆయిల్ కొంచెం తొందరగా మార్చుకుంటే సరి, దానికి మరీ కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది బైపాస్ వాల్వ్, అంటే ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్ ఆగకుండా పక్క దారిన వదిలేది. కొన్ని ఫిల్టర్లలో అది 8-10 పీఎస్ఐకే తెరుచుకుంటుంది, కొన్నిట్లో 22కి, కొన్నిట్లో అసలుండదు ఎందుకంటే ఇంజిన్‌లోనే ఉంటుంది, పాత స్మాల్ బ్లాక్ చెవీలో లాగా. ఫిల్టర్ కంపెనీల కేటలాగుల్లో త్రెడ్, గాస్కెట్ కొలతలు, ఎత్తు, బైపాస్ అన్నీ రాసి ఉంటాయి, మీ పాన్‌కి కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ వివరాలు ఒక కాగితం మీద రాసుకుని, ఎత్తు ఒక్కటి తక్కువుండి మిగతావన్నీ కలిసేది వెతకండి. యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ (ఇంజిన్ ఆపాక ఆయిల్ ఫిల్టర్‌లోంచి వెనక్కి కారిపోకుండా ఆపేది) గురించి ఎల్ఎస్‌లో పెద్ద బెంగ లేదు, ఫిల్టర్ నోరు పైకి పెట్టుకుని వేలాడుతుంది కాబట్టి ఆయిల్ అందులోనే ఉంటుంది. అడ్డంగా పడుకునే ఫిల్టర్ అయితే మాత్రం సిలికాన్ వాల్వ్ ఉన్నదే తీసుకోండి.

ఏ పొట్టిదీ పట్టకపోతే రిమోట్ ఫిల్టర్ కిట్. పాన్ దగ్గర అడాప్టర్ ప్లేట్ వేసి ఏఎన్-10 సైజు హోసులతో ఫిల్టర్‌ని ఫెండర్ వైపు చేతికందే చోటికి తెచ్చుకోవచ్చు. నా మటుకు నాకు ఇది ఆఖరి దారి, ఎందుకంటే ప్రతి ఫిట్టింగూ కారడానికి ఇంకో చోటే, ఒక హోస్ పేలితే ఆయిల్ మొత్తం బయటే. తప్పదంటే ఇన్, అవుట్ మార్కులు రెండుసార్లు చూసుకుని బిగించండి, తారుమారైతే ఆయిల్ వెనక నుంచి వచ్చి డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్‌ని మూసేస్తుంది, ఇంజిన్‌కి ఆయిల్ అందదు. కిట్ మీద ఫిల్టర్ త్రెడ్ ఏంటో కూడా చూడండి, చాలావరకు పాన్ స్టడ్‌ది కాకుండా వేరేది ఉంటుంది, షాపులో చెప్పాల్సింది అప్పుడు ఆ సైజే.

బిగించేటప్పుడు పాత గాస్కెట్ పాన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి, రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి పడితే కారక మానదు. రబ్బరు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు, చేత్తోనే. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసేసి, గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో ఇంజిన్‌ని కొద్దికొద్దిగా తిప్పండి (క్రాంక్ చేయండి), తర్వాత ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేసి వెంటనే కిందికి టార్చ్ వేసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ ఎక్కువ కాబట్టి త్రెడ్ సరిగ్గా పట్టకపోతే అప్పుడే బయటపడే అవకాశం ఎక్కువ. బాగా వేడెక్కాక, చిన్న రౌండు తిప్పొచ్చాక మళ్ళీ ఒకసారి చూసి, ఫిల్టర్ నంబరూ స్టడ్ త్రెడ్డూ రేడియేటర్ సపోర్ట్ మీద పెయింట్ మార్కర్‌తో రాసెయ్యండి, రేపు ఇంకెవరైనా ఆయిల్ మార్చినా, బండి అమ్మేసినా, కౌంటర్లో ఆ నంబర్ చెప్తే సరిపోతుంది.