కవితల నోటుబుక్ మొదటి పేజీ: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

నోటుబుక్ కాగితం రాసుకోవడానికి తయారైంది, బొమ్మలకి కాదు. మామూలుగా అది చదరపు మీటరుకి 60 గ్రాముల దగ్గర ఉంటుంది. డ్రాయింగ్ షీట్ అయితే అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మొదటి పేజీ చెడిందంటే సగం సార్లు కారణం ఈ పల్చని కాగితానికి తడి తగలడం. మిగతా సగం సార్లు, బొమ్మంతా వేసేశాక పుస్తకం పేరు ఎక్కడ రాయాలా అని వెతుక్కోవడం.

పేరు చివరికొచ్చేసరికి చోటు చాలలేదు

ఎడమ అంచు నుంచి ధైర్యంగా మొదలుపెడితే ఇదే జరుగుతుంది. మొదటి మూడక్షరాలు ఏనుగుల్లా ఉంటాయి, చివరివి అంచుకి నలిగిపోతాయి.

ముందే గడులు లెక్కపెట్టుకోండి. ‘నా పద్యాల పుస్తకం’ అని రాయాలనుకుందాం. నా, ఖాళీ, ప, ద్యా, ల, ఖాళీ, పు, స్త, క, ఆపైన సున్న. మొత్తం పది గడులు. సున్నకి విడిగా గడి ఇవ్వాలి, చాలామంది లెక్క తప్పేది అక్కడే. పేజీ వెడల్పు 18 సెంటీమీటర్లు అయితే అటూ ఇటూ 1.5 చొప్పున వదలండి. మిగిలిన 15లో ఒక్కో గడికి 1.5 సెంటీమీటర్లు వస్తుంది. పెన్సిల్‌తో చిన్న చిన్న గుర్తులు పెట్టుకుని, ఆ తర్వాతే అక్షరాలు వేయండి.

ఇంకో చిక్కు ఒత్తులతో. ‘ద్యా’లో యవత్తు, ‘స్త’లో తవత్తు గీత కిందికి దిగుతాయి. కింద చోటు వదలకపోతే అవి పూలతీగలోకో రెండో వరసలోకో దూరిపోతాయి. అక్షరం ఎత్తులో కనీసం సగం కింద ఖాళీగా ఉంచండి. గుడులూ ఏత్వాలూ ఉన్న పేరైతే పైన కూడా కొంచెం వదలాలి.

ఇప్పటికే రాసేసి చోటు చాలకపోయిందా? దాన్ని సాగదీయకండి. విడి కాగితం పట్టీ మీద పేరు మళ్లీ రాసి, పాతదాని మీద అంటించేయండి. చుట్టూ సన్నటి గీత గీస్తే కావాలనే పెట్టిన పలకలా కనిపిస్తుంది.

రంగు వెనక పేజీలోకి దిగింది

స్కెచ్ పెన్ సిరా నీళ్లతో చేసింది. ఒకే చోట రెండు మూడు సార్లు రుద్దితే పల్చని కాగితం ఆపలేదు. వెనకవైపు మొదటి కవిత రాసి ఉంటే ఇక చెప్పేదేముంది!

దిగిన రంగుని వెనక్కి తీయలేం. ఆ పేజీ వెనక ఒక తెల్ల కాగితం అంటించి మరకని కప్పేయడమే దారి. ఇకమీదట స్కెచ్ పెన్‌తో అంచులు మాత్రం గీసి, లోపల కలర్ పెన్సిళ్లు వాడండి. కొత్త పెన్ను ఏదైనా ముందు నోటుబుక్ చివరి పేజీలో ఒక మూల గీసి, తిప్పి చూడండి.

అంటించిన బొమ్మ దగ్గర కాగితం ముడతలు పడింది

నీళ్ల గమ్ తగిలిన చోట కాగితం ఉబ్బుతుంది, ఆరాక ఒక్కో చోట ఒక్కోలా బిగుసుకుంటుంది. ముడత అదే. తెల్ల గమ్‌లోనూ నీరుంటుంది కాబట్టి ఎక్కువ పూస్తే అదీ అంతే. గ్లూ స్టిక్‌లో తడి తక్కువ, దాన్ని బొమ్మ అంచుల దాకా పల్చగా రాయండి. ముడత పడ్డ పేజీకి రెండువైపులా తెల్ల కాగితాలు పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. పూర్తిగా నున్నగా అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

పూరేకులు అంటించాలనుకుంటే అవి కాగితాల మధ్య బాగా అణిగి, గలగలలాడేంత ఎండాలి. పచ్చిగా అంటిస్తే పేజీకి గోధుమరంగు మరక, ఆ మీద బూజు.

జెల్ పెన్ పట్టడం లేదు

కింద క్రేయాన్ వేశారా? అందులో మైనం ఉంటుంది, నీటి సిరాని అది తోసేస్తుంది. పైగా ఆ మైనం పెన్ను మొనలో ఇరుక్కుంటుంది. గట్టిగా నొక్కితే మొన పాడవుతుంది తప్ప గీత పడదు. స్కేలు అంచుతో మైనాన్ని మెల్లగా గీకి ప్రయత్నించవచ్చు, కానీ పైన చెప్పిన కాగితం పట్టీయే సులువు. పేరు రాసే చోటు తెల్లగా వదిలి చుట్టూ క్రేయాన్ వేసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

ఆయిల్ పాస్టెల్ ఇంకా మొండిది. అందులో నూనె పూర్తిగా ఆరదు, కాబట్టి ఎదురు పేజీకి అంటుతూనే ఉంటుంది. మధ్యలో ట్రేసింగ్ పేపర్ ఒకటి, కుట్టు వైపు అంచుకి మాత్రమే గమ్ రాసి పెట్టండి.

పెన్సిల్ గీతలు చెరిపితే సిరా పులుముకుంది

తొందర, అంతే. సిరా బాగా ఆరనివ్వండి. గుర్తులు లేతగా గీస్తే చెరిపే పని కూడా తగ్గుతుంది.

అన్నీ ఉన్నాయి, పేరే కనిపించడం లేదు

సీతాకోకచిలుకలు, నెమలి ఈక, సిరాబుడ్డి, చంద్రుడు, మెరుపుల పొడి. ఇన్నిటి మధ్య లేత పసుపులో ‘కవితలు’ అని ఉంటే ఎవరి కంటికీ ఆనదు. పసుపు తెల్ల కాగితం మీద అసలే తేలదు, చుట్టూ ముదురు గీత కావాలి. నన్నడిగితే ఒక్క బొమ్మ చాలు, అదీ లోపలి కవితల్లోంచే రావాలి. వాన మీద ఎక్కువ రాసి ఉంటే ఒక మూల నాలుగు చినుకులు వేసి వదిలేయండి.

పేజీ మొత్తం పాడైంది, చించేద్దామా?

వద్దు. మధ్యలో పిన్నులు కొట్టిన నోటుబుక్‌లో మొదటి కాగితం, చివరి కాగితం ఒకే షీటు. ముందుది లాగితే వెనకది ఊడి చేతికొస్తుంది. డ్రాయింగ్ షీట్‌ని పేజీ కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నగా కత్తిరించి, బొమ్మా పేరూ దాని మీద వేసుకుని, పూర్తిగా ఆరాక ఆ పేజీ మీద అంటించండి. షీటు అంచు కుట్టుకి మరీ దగ్గరగా ఉంటే పుస్తకం సరిగ్గా మూసుకోదు, అక్కడ ఒక సెంటీమీటరు వదలండి.