ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం నేర్చుకుందాం, 6వ పాఠం: ఎండాకాలంలో బ్యాటరీ

పోయిన పాఠంలో ఛార్జర్ సెట్టింగులు చూశాం. చలికాలమైతే అంతటితో సరిపోయేది. మన అనంతపురంలో మే నెల సంగతి వేరు, మధ్యాహ్నానికి నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది.

మన విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ 60 డిగ్రీలు దాటకూడదు. దాటితే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని పక్కన పెట్టేయండి. సూదితో గుచ్చి గాలి తీసే తెలివితేటలు మాత్రం వద్దు, అంటుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. డిసెంబరులో ప్యాక్ 25 దగ్గర మొదలైతే వేడెక్కడానికి 35 డిగ్రీల జాగా ఉంటుంది. మేలో 42 దగ్గర మొదలైతే మిగిలేది 18. విమానం అదే, మోటారూ అదే. అందుకే అసలు పని విమానం లేవకముందే ఉంది.

ఎండలో నిలిపిన కారులో గానీ బండి డిక్కీలో గానీ ప్యాకులు వదలొద్దు. ఒక వెడల్పాటి స్టీలు డబ్బాలో పొడి టవల్ పరిచి, కనెక్టర్లకు క్యాపులు పెట్టి, ప్యాకులు పేర్చండి. మూత బిగించకుండా ఊరికే ఆనించండి. డబ్బా చుట్టూ తడి గోనెపట్ట చుట్టి, వేపచెట్టు కింద గాలి తగిలేచోట పెట్టండి. మన గాలి పొడిగాలి కాబట్టి గోనె ఆరుతూ డబ్బాను చల్లబరుస్తుంది. ఉక్కపోసే కోస్తాలో ఈ కిటుకు ఇంత బాగా పనిచేయదు. గోనె ఆరిందంటే మళ్లీ తడపండి, నీళ్లు లోపలికి కారనీయకండి. ఫ్రిజ్, ఐసు జోలికి వెళ్లొద్దు. మరీ చల్లబడిన ప్యాక్ సరిగ్గా కరెంటు ఇవ్వదు, బయటికి తీయగానే చెమ్మ కూడా పడుతుంది.

ఇక విమానం లోపల. చాలామంది ముక్కు దగ్గర రంధ్రం పెట్టి ఊరుకుంటారు. వెనక దారి లేకపోతే ఆ గాలి లోపలికే రాదు. బ్యాటరీ వెనక, ముందుదానికి రెండింతల రంధ్రం కోయండి. ప్యాక్ చుట్టూ స్పాంజి కుక్కొద్దు.

థ్రాటిల్, అంటే మోటారు వేగం పెంచే మీట, దాని సంగతి కూడా గుర్తుంచుకోండి. కరెంటు రెట్టింపైతే ప్యాక్‌లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. శనక్కాయ చేలు ఖాళీగా ఉన్నాయి కదా అని ఫుల్ థ్రాటిల్‌లో తిప్పుతూ ఉండకండి, టైమరు ఒకటి రెండు నిమిషాలు తగ్గించండి.

దిగిన ప్యాక్‌ను వెంటనే ఛార్జికి పెట్టొద్దు. చెయ్యి వేస్తే వేడి తెలియనంతవరకు ఆగండి. ఆ రోజుకు ఇక ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, అంటే 3ఎస్ (మూడు సెల్‌లు వరుసగా కలిపిన) ప్యాక్ అయితే 11.4 దగ్గర, ఉంచండి. ఫుల్ ఛార్జితో వేడి గదిలో పడుకున్న ప్యాక్ తొందరగా పాడవుతుంది.

ఈ వారం అభ్యాసం: దిగగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్యాక్‌ను చూసి, అంకె నోటుబుక్కులో రాయండి. లోపలి వేడి పైకి కనిపించేదానికన్నా ఎక్కువ. 3ఎస్‌లో నడిమి సెల్‌కు రెండు పక్కలా సెల్లే కాబట్టి దాని వేడి తొందరగా బయటికి పోదు. అందుకని పైన 50 దాటగానే జాగ్రత్తపడండి. ఎన్ని చేసినా దాటుతుంటే ప్రొపెల్లర్ పెద్దదై ఉండొచ్చు. దాన్ని 7వ పాఠంలో కొలుద్దాం, మోటారు లాగే కరెంటు, పవరు చూపే వాట్‌మీటరు సిద్ధంగా పెట్టుకోండి.