మూడో పాఠం: మొదలుపెట్టక ముందే మాట్లాడుకోవాల్సినవి

ఈ పాఠాలు బీడీఎస్ఎం గురించి, అంటే శృంగారంలో ఇద్దరూ ఇష్టపడి ఆడే కట్టడం, కొట్టడం, ఒకరు నడిపిస్తే ఇంకొకరు లొంగడం లాంటి ఆటల గురించి. పోయిన పాఠంలో ఈ ఆటల గురించి మీరిద్దరూ విడివిడిగా రాసుకున్న కాగితాలు ఇప్పుడు తీయండి. ఇష్టమైనవి, ఒకసారి చూద్దాం అనిపించేవి, ఎప్పటికీ వద్దనుకునేవి అని మూడు వరుసలు రాయమన్నాను. విడివిడిగా ఎందుకంటే, పక్కపక్కనే కూర్చుని రాస్తే అవతలివాళ్ల ముఖం చూసి ‘వద్దు’ని ‘చూద్దాం’లోకి మార్చేసేవాళ్లు చాలామంది. (ఈ పాఠాలు పద్దెనిమిదేళ్లు నిండి, తమ ఇష్టంతో వచ్చినవాళ్లకే.)

ఈ మాటలకు పడకగది వద్దు, మందు తాగిన రాత్రి అసలే వద్దు. ఇద్దరూ తీరిగ్గా, మామూలు మూడ్‌లో ఉన్నప్పుడు కూర్చోండి.

మొదట మూడో వరుస చదవండి. చదివాక ‘ఎందుకు వద్దు?’ అని అడక్కండి. ఆ ప్రశ్నతోనే ఒత్తిడి మొదలవుతుంది. హద్దులు లొంగే వ్యక్తికే కాదు, నడిపించే వ్యక్తికీ ఉంటాయి. కొట్టమని అడిగితే కొట్టలేకపోవడం కూడా గౌరవించాల్సిన హద్దే.

ఎక్కువ సమయం రెండో వరుసకు ఇవ్వండి. ‘చేతులు కట్టించుకోవడం: చూద్దాం’ అని ఒకరు రాశారనుకోండి. ముందుకా, వెనక్కా? దేనితో? ఎంతసేపు? అదే సమయంలో కళ్లకు గంతలు కూడానా? కట్టడానికి ఒప్పుకున్నంత మాత్రాన, కట్టాక ఏం చేసినా ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటుంది: ఆట మధ్యలో కొత్తది చేర్చకూడదు. నొప్పి, ఉద్వేగం కలిసిన ఆ స్థితిలో మనిషి తూకంగా ఆలోచించలేరు, అవతలివాళ్లను నిరాశపరచకూడదని తలూపేస్తారు. కొత్త ఆలోచన వస్తే ఇంకో రోజుకు రాసిపెట్టుకోండి. ఒప్పుకున్నదాన్ని మానేయడం మాత్రం ఏ క్షణంలోనైనా చేయొచ్చు.

ఆరోగ్యం సంగతులూ దాచకండి. ఆస్తమా, షుగర్, ఫిట్స్, గుండె జబ్బు, పాత భుజం దెబ్బ, రక్తం పలచబడే మందులు, అన్నీ చెప్పాలి. మనసును పాత గాయంలోకి లాగే మాట గానీ, స్పర్శ గానీ ఉంటే అదీ చెప్పండి. దాని వెనకున్న కథంతా విప్పాల్సిన పని లేదు.

ఇక సంకేతాలు. ఎక్కువమంది వాడేవి సిగ్నల్ రంగులే: రెడ్ అంటే అంతా ఆపేయాలి, ఎల్లో అంటే తగ్గించి కనుక్కోవాలి, గ్రీన్ అంటే బాగానే ఉంది. సేఫ్‌వర్డ్ (ఆపమని చెప్పడానికి ముందే అనుకున్న మాట) పెట్టుకున్నా, కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మామూలు ‘వద్దు’ కూడా వద్దే. నోటికి గుడ్డ కట్టి ఉంటే చేతిలో తాళాల గుత్తి పెట్టండి, అది కింద పడితే రెడ్ అన్నట్టే. అయితే భయం ఎక్కువైనప్పుడు కొందరు బిగుసుకుపోతారు, మాటా రాదు, చెయ్యీ కదలదు. అందుకే మౌనాన్ని ఎప్పుడూ గ్రీన్‌గా తీసుకోకండి. సంకేతం కోసం ఎదురుచూస్తూ ఉండకుండా, మధ్యమధ్యలో అడిగి తెలుసుకునే బాధ్యత నడిపించే వ్యక్తిది.

కట్టడం గురించి ఇంకాస్త. పై చేతిలో ఎముక చుట్టూ తిరిగి వచ్చే రేడియల్ నరం బయటి వైపు చర్మానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ తాడు ఒత్తితే మణికట్టు పైకి లేవకుండా వాలిపోవచ్చు, అది వారాల తరబడి ఉండొచ్చు. చెయ్యి రంగు మారలేదు కదా అని ధీమాగా ఉండకండి. రంగు రక్తప్రసరణ సంగతి చెబుతుంది, నరం సంగతి చెప్పదు. తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నాయేమో అడగండి, మణికట్టును వెనక్కి వంచమనండి. ఏ కాస్త తేడా ఉన్నా వెంటనే విప్పేయండి. మొన మొద్దుగా ఉన్న కత్తెర చేతికందేంత దూరంలో ఉండాలి. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి ఒక్క నిమిషం కూడా గది దాటకూడదు.

మెడ మీద తాడు, చెయ్యి, బెల్టు గురించి ఈ పాఠాల్లో నేర్పను. మెదడుకు రక్తం ఆగితే దాదాపు 10 సెకన్లలో స్పృహ పోవచ్చు. రెడ్ అనడానికి గానీ, గుత్తి వదలడానికి గానీ తెలివి మిగలకపోవచ్చు. అంటే పైన చెప్పిన ఏర్పాట్లేవీ అక్కడ అక్కరకు రావు. సురక్షితంగా చేసే పద్ధతంటూ దానికి లేదు.

‘సురక్షితం, వివేకం, సమ్మతి’ అనే సూత్రం 1983లో న్యూయార్క్‌లోని జీఎంఎస్ఎంఏ అనే గే పురుషుల సంఘం నుంచి వచ్చింది. తర్వాత కొందరు, పూర్తి సురక్షితం అనేదే లేదు కాబట్టి ప్రమాదం తెలిసి ఒప్పుకోవడం అందామన్నారు. నాకు రెండోదే నిజాయితీగా అనిపిస్తుంది. తెలియని ప్రమాదానికి ఎవరూ సమ్మతి ఇవ్వలేరు. కాబట్టి నరం సంగతి కట్టేవాళ్లకు తెలిస్తే చాలదు, కట్టించుకునేవాళ్లకూ తెలియాలి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. ఆట ఏదీ లేకుండా, బట్టలతోనే, చేతులు పట్టుకుని సంకేతాలు మాత్రం సాధన చేయండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకరు రెడ్ అనాలి, రెండోవారు వెంటనే చేతులు తీసేసి ‘సరే, ఆపాను’ అనాలి. తర్వాత పాత్రలు మార్చుకోండి. ఆపమన్నప్పుడు అవతలి ముఖంలో విసుగు కనిపిస్తే అసలు ఆట వాయిదా వేసి, ముందు దాని గురించి మాట్లాడుకోండి. ఆట ముగిశాక ఒకరినొకరు చూసుకోవడం, మర్నాడు వచ్చే దిగులు గురించి నాలుగో పాఠంలో.