పాత కారుకు కొత్త డ్యాష్‌బోర్డు - 5వ పాఠం: పల్లంలో రెగ్జిన్ ఎందుకు లేచింది?

ఈసారి టేకు వెనీర్ (పలుచటి చెక్క పొర) పట్టీ అతికించడం చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. అది వచ్చే పాఠానికి పెట్టుకుందాం. నాలుగో పాఠం చదివి రెగ్జిన్ అతికించిన వాళ్లలో చాలామందికి ఒకే చోట లేచింది. మూడో పాఠంలో మీటర్ల చుట్టూ ఫైబర్‌తో గూడు కట్టుకున్నాం కదా, ఆ గూడు డ్యాష్‌బోర్డు పై ప్యాడ్‌ను కలిసే పల్లంలో. ఇంతమందికి ఒకే చోట తప్పు వచ్చిందంటే చెప్పడంలోనే లోపం ఉంది. "పైనుంచి కిందికి అతికించుకుంటూ రండి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. ఆ మాట తప్పు. దాన్ని కొట్టేసుకోండి.

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు తన ప్రీమియర్ పద్మిని కారు వేసుకుని నల్గొండ వచ్చి చూపించాడు. "అన్నా, పొద్దటిదాకా మంచిగనే ఉండె. ఆఫీసు ముందర ఎండల పెట్టిన. మధ్యాహ్నం అన్నానికి వచ్చి చూస్తె గిట్లయింది" అన్నాడు. పల్లం పొడుగునా జానెడు మేర రెగ్జిన్ లేచి, గుడారంలా నిలబడి ఉంది. బొటనవేలితో నొక్కితే అడుగుకు ఆనింది, వేలు తీయగానే లేచింది. అంచు దగ్గర మెల్లగా విప్పి చూశాను. రెగ్జిన్‌కూ ఫైబర్‌కూ మధ్య సొల్యూషన్ తీగపాకంలా సాగింది. అతికించి వారమైనా ఇంకా పచ్చిగానే ఉంది.

అంటే అక్కడ రెండు తప్పులు కలిశాయి. సొల్యూషన్ ఆరలేదు, రెగ్జిన్‌ను బలవంతంగా సాగదీశారు. మొదటిది త్వరగా చెప్పేస్తాను, రెండోదాని దగ్గర ఆగుదాం.

మనం వాడే రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పూసి, రెండూ ఆరాక కలిపితే పట్టుకునే రకం. తడి మీద అతికిస్తే లోపలి ద్రావకానికి బయటికి పోయే దారి ఉండదు. ఎండ తగలగానే అదే ఆవిరై బుడగ లేపుతుంది. మన ఎండల్లో ఇంకో చిక్కుంది. మందంగా పూస్తే పాల మీద మీగడలా పైన పొర కట్టేస్తుంది, కింద పచ్చిగానే ఉంటుంది. వేలితో తాకి ఆరిందనుకుంటాం. అందుకే ఒక్క మందపు పూత వద్దు, రెండు పలుచటి పూతలు వేయండి. మొదటిది పూర్తిగా ఆరాక రెండోది. వేలి వెనక వైపు ఆనించి తీస్తే తీగ సాగకూడదు, వేలికి అంటకూడదు. మేలో దీనికి పది నిమిషాలు చాలు. వానాకాలం ఇరవై, ఇరవై అయిదు పడుతుంది. గడియారాన్ని నమ్మకండి, వేలిని నమ్మండి. తలుపులన్నీ తెరిచి పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్, వేడి గాలి కొట్టే హీట్ గన్ ఏదీ ఉండకూడదు. చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ ఈ పనికి రాదు, వేడికి మెత్తబడుతుంది.

ఇక అసలు సంగతి. బయట 44 డిగ్రీలున్న రోజు అద్దాలు ఎత్తి కారును ఎండలో వదిలితే డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది. మీరు హీట్ గన్‌తో రెగ్జిన్‌ను వెచ్చబెట్టి, మెత్తబడ్డాక లాగి, పల్లంలోకి నొక్కి కూర్చోబెట్టారు. చల్లారాక అక్కడే ఉండిపోయింది, పని అయిపోయిందనుకున్నారు. కానీ వేడి చేసి సాగదీసిన రెగ్జిన్‌కు మళ్లీ వేడి తగిలితే తన పాత కొలతకు రావాలని చూస్తుంది. ఏ వేడితో మీరు దాన్ని లాగారో, ఎండ అదే వేడితో దాన్ని వెనక్కి లాగుతుంది. గుండ్రంగా పైకి ఉబ్బిన చోట ఇది నష్టం చేయదు. అక్కడ బిగుతు రెగ్జిన్‌ను అడుగుకే అదుముతుంది. పల్లంలో మాత్రం అదే బిగుతు పైకి లేపుతుంది. రెండు గట్ల మధ్య లాగి కట్టిన తాడు కింది గుంతను ఎప్పుడూ తాకదు కదా. ఎంత మంచి సొల్యూషన్ వేసినా రోజూ మధ్యాహ్నం ఆ లాగుడును తట్టుకోలేదు. హీట్ గన్ ఉంటే ఏదైనా అతుకుతుందని నాకు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం వల్లే ఇంత పని వృథా అయింది. దయచేసి పల్లంలో హీట్ గన్‌తో లాగకండి.

మరి ఎలా? పల్లం అడుగు నుంచి మొదలుపెట్టాలి. రెగ్జిన్ వెనక సుద్దతో మధ్య గీత గీయండి, పల్లం అడుగునా అలాగే గీయండి. రెండు వైపులా పూసిన సొల్యూషన్ ఆరాక గీత మీద గీత పెట్టి, పల్లం అడుగును మాత్రమే అతికించండి. మిగతా రెగ్జిన్ రెండు వైపులా వదులుగా వేలాడాలి. అది ముందే అంటుకోకుండా మధ్యలో బ్రౌన్ పేపరు పెట్టండి. నేను పాత ఎక్స్‌రే ఫిల్ము వాడతాను, అది మడత పడదు, లాగితే సాఫీగా వస్తుంది. అడుగు కూర్చున్నాక పేపరును అంగుళం అంగుళం లాగుతూ, పల్లంలోంచి గట్టు మీదికి, గట్టు మీదినుంచి అవతలికి వెళ్లండి. గట్టు దాటాకే కొద్దిగా వెచ్చబెట్టి లాగవచ్చు. అంచును కిందికి మడిచి, రేకు వెనక పట్టీ పెట్టి స్క్రూలతో బిగించండి. ఆ బిగువును సొల్యూషన్ ఒక్కదాని మీద వదలకూడదు.

అన్ని రెగ్జిన్లూ దీనికి పనికిరావు. ముక్క కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. సోఫాలకు వాడే చాలా రెగ్జిన్ల వెనక నేసిన బట్ట ఉంటుంది, అది ఎటు లాగినా సాగదు. బనియన్ గుడ్డలాంటి అల్లిక ఉన్నది నాలుగు వైపులా సాగుతుంది. మనకు అదే కావాలి. దేవరకొండ నుంచి ఒకాయన సీటు కవర్లకు తెచ్చిన రెగ్జిన్ మిగిలితే దాన్నే డ్యాష్‌బోర్డుకు వేశాడు. పల్లం దగ్గర ముడతలు పడి ఆగిపోయాడు. ఆ ముక్కతో ఎవరు చేసినా అంతే. నల్గొండలో దొరక్కపోతే హైదరాబాద్ పుత్లిబౌలి వైపు కారు సామాన్ల షాపుల్లో అడగండి, చేతిలో లాగి చూసిన తర్వాతే డబ్బులివ్వండి. మందం ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటే చాలు.

పీవీసీ రెగ్జిన్ అయితే ఇంకో మాట. మెత్తగా ఉండడానికి దాంట్లో కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి మెల్లగా బయటికి వస్తుంది, మామూలు రబ్బరు సొల్యూషన్‌ను మెత్తబరుస్తుంది. మూడు నాలుగు నెలల తర్వాత లేచిన వాళ్ల సంగతి ఇదే కావచ్చు. చెప్పులకు పీవీసీ అడుగులు అతికించే పీయూ (పాలీయురేథేన్) సొల్యూషన్ దీన్ని బాగా తట్టుకుంటుంది. అది ఆరాక, అతికించేముందు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడితే పట్టు వస్తుంది. వెచ్చబెట్టడం సొల్యూషన్ కోసమే, రెగ్జిన్‌ను లాగడానికి కాదు.

గూడు బాగా లోతుగా కట్టుకున్నవాళ్లు ఒకే ముక్కతో పోరాడకండి. పల్లం అడుగున కోసి రెండు ముక్కలుగా చేసి, సీటు కవర్లు కుట్టే మేస్త్రీ దగ్గర జంట కుట్టు వేయించుకోండి. దారం పాలిస్టర్‌దే ఉండాలి, నూలు దారం ఎండకు చివికిపోతుంది. నిజానికి నాకు కుట్టు వేసిన డ్యాష్‌బోర్డే ఇష్టం.

రంగు గురించి అడిగారు. పైభాగానికి మెరుపు లేని నలుపు గానీ ముదురు కాఫీ రంగు గానీ వేయండి. లేత రంగు ముందు అద్దంలో ప్రతిఫలిస్తుంది. సాయంత్రం సూర్యాపేట వైపు నుంచి హైదరాబాద్ వెళ్తుంటే ఎండ ఎదురుగా కొడుతుంది, దానికి ఈ ప్రతిబింబం తోడైతే ముందున్న లారీ కూడా సరిగా కనిపించదు. పైన గుడ్డ కూడా వద్దు, వెలిసిపోతుంది. గ్లోవ్ బాక్స్ మూత లోపలి వైపుకు మాత్రం నేను పోచంపల్లి ఇక్కత్ నూలు గుడ్డ వేశాను. మూత తెరిచిన ప్రతిసారీ మన ఉమ్మడి నల్గొండ జిల్లా మగ్గం కనిపిస్తున్నట్టు ఉంటుంది. సొల్యూషన్ గుడ్డకు పూయకండి, మరక పైకి తేలుతుంది. పలుచటి ప్లైవుడ్ ముక్కకు చుట్టి, వెనక మాత్రమే అతికించి, ఆ ముక్కను మూతకు బిగించండి.

అభ్యాసం. ఇంట్లో పాతబడ్డ స్టీలు పప్పు గరిటె ఒకటి అడిగి తెచ్చుకోండి. దాని గుంట లోపలి వైపుకు ఒక్క ముడత లేకుండా, కోయకుండా రెగ్జిన్ అతికించాలి. అడుగున చుక్క పెట్టి, అక్కడి నుంచి బయటికి. హీట్ గన్ ముట్టుకోవద్దు. మొదటిది చెడిపోతుంది, రెండోదీ చెడిపోవచ్చు. అయిదు చేయండి. బాగా వచ్చిన దాన్ని అద్దాలు ఎత్తిన కారులో, ముందు అద్దం కింద, మూడు మధ్యాహ్నాలు వదిలేయండి. మూడో రోజు సాయంత్రం గుంట మధ్యలో వేలితో నొక్కి చూడండి. రెగ్జిన్ కదలకపోతే పాతది విప్పి, మరకలన్నీ తుడిచి, డ్యాష్‌బోర్డు మీద మళ్లీ మొదలుపెట్టండి.