75 గజాల ఇంటికి ముగ్గు పోసే ముందు

వరంగల్‌లో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. చిన్న జాగా ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చోకముందే అడిగేది ఒకటే: "సార్, 75 గజాలకు పర్మిషన్ అక్కర్లేదట కదా?"

నిజమే, అక్కర్లేదు. తెలంగాణ పట్టణాల్లో ఇళ్ల అనుమతుల కోసం 2020లో వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల వరకు ఉన్న ప్లాట్‌లో, 7 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునేవాళ్లు రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చనే కాగితం) కూడా అడగరు. అలాగని రసీదు రాగానే మేస్త్రిని పిలవకండి.

ముందు టేపు పట్టండి. 75 గజాలంటే 675 చదరపు అడుగులు. వెడల్పు 22న్నర, పొడవు 30 ఉంటే సరిగ్గా అంతే. వెడల్పు 23 అయిందా, 76న్నర గజాలు దాటినట్టే. ఒకాయన కాగితంలో 75 అనే ఉంది. కొలిస్తే పాత ప్రహరీ పక్కవాళ్ల జాగాలోకి అరడుగు జరిగి ఉంది. ఆ అరడుగు వదిలేసి ముగ్గు పోయించాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు!

75 దాటితే కొంప మునిగేదేం లేదు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ప్లాన్ పెట్టి, ఫీజు కట్టి, అంతా రూల్స్ ప్రకారమేనని మనమే ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి వస్తుంది. టెన్షన్ పడి పెద్ద ప్లాటును కాగితం మీద 75 చొప్పున ముక్కలు చేయకండి, అది చెల్లదు. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) సర్కారు భూమిలోనో ఉన్న జాగాను దాచి రిజిస్టర్ చేసుకుంటే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చేయొచ్చు.

మామూలు వీధిలో అయితే రోడ్డు వైపు మీటరున్నర, అంటే దాదాపు 5 అడుగులు వదలాలి. పైన చెప్పిన 22న్నర బై 30 జాగాలో అది పోగా కింద 562 చదరపు అడుగులు మిగులుతాయి. ఇందిరమ్మ ఇల్లు వచ్చినవాళ్లకు ఇది మంచి కొలతే, ఎందుకంటే ఆ పథకంలో 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే కట్టాలి. బేస్‌మెంట్ అయ్యాక తొలి లక్ష పడేది కూడా కొలత సరిపోతేనే.

పెద్ద జాగాలున్న పల్లెల్లో దెబ్బ తినేది ఇక్కడే. ఒక రైతు గదులన్నీ లోపల కొలిచి, 20 బై 30, సరిగ్గా 600 అనుకున్నాడు. చుట్టూ 9 అంగుళాల గోడ. బయటి నుంచి కొలిస్తే 21న్నర బై 31న్నర, అంటే 677. బిల్లు ఆగింది. ముగ్గు పోసే రోజు తాడు గోడ బయటి అంచుకే కట్టమని మేస్త్రికి చెప్పండి.