నానోకణంతో ఎంజైమ్‌ను ఆపే ముందు సబ్బు వదిలించండి

ఎంజైమ్‌ను చంపడానికి నానోకణాలు అక్కర్లేదు, మరిగిస్తే చాలు. మనకు కావలసింది వేరు: కాసేపు పట్టి ఉంచాలి, కావాలన్నప్పుడు వదలాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్యాక్టీరియా గోడను కోసే ఎంజైమ్, లైసోజైమ్ తీసుకోండి. పీహెచ్ 7 దగ్గర దాని మీద పాజిటివ్ ఛార్జ్ బాగా ఉంటుంది. కణం మీద నెగటివ్ ఛార్జ్ పెడితే వచ్చి అతుక్కుంటుంది, బ్యాక్టీరియా గోడను తాకే దారి మూసుకుపోతుంది.

నానోకణం తయారీకి నేను వాడే పాళ్లు ఇవి. మోనోమర్లు, అంటే గొలుసులా కలిసి కణంగా మారే చిన్న అణువులు, మొత్తం 100 మోల్స్ అనుకుంటే 53 ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్, 40 టెర్ట్-బ్యూటైల్ అక్రిలమైడ్, 5 అక్రిలిక్ ఆసిడ్, 2 బిస్-అక్రిలమైడ్. ఛార్జ్ ఇచ్చేది అక్రిలిక్ ఆసిడ్. గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసేది బిస్-అక్రిలమైడ్. ఎంజైమ్ మీద నీళ్లంటే పడని చోట్లను పట్టేది టెర్ట్-బ్యూటైల్. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి కొంచెం ఇథనాల్‌లో కరిగించి పోయండి. 50 మిల్లీలీటర్ల నీళ్లకు 10 మిల్లీగ్రాముల ఎస్‌డీఎస్ (కణాలు ముద్దకట్టకుండా చూసే సబ్బు లాంటి పదార్థం) వేసి, ఆక్సిజన్ పోయేలా అరగంట నైట్రోజన్ పోనిచ్చి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్యను మొదలుపెట్టే అమ్మోనియం పర్‌సల్ఫేట్ కలపండి. తేటగా ఉన్న నీళ్లలో సన్నటి నీలి మసక వస్తుంది. కణాలు పుడుతున్నాయన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ మసక దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు. మూడు గంటలు ఉంచండి. మోనోమర్లు విషం, గ్లోవ్స్ లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట ముట్టుకోకండి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి. మొదటిసారి నేను ఒక్క రోజే డయాలసిస్ చేశాను, అంటే సన్నటి రంధ్రాల సంచిలో పోసి, చిన్న అణువులు బయటికి పోయేలా నీళ్లలో ఉంచాను. లైసోజైమ్ పూర్తిగా ఆగిపోయింది, ఎంత సంబరపడ్డానో! తర్వాత తెలిసింది, ఆపింది కణం కాదు, మిగిలిపోయిన ఎస్‌డీఎస్. అది ఎంజైమ్ మడతలనే విప్పేసింది. ఇప్పుడు 12-14 కిలోడాల్టన్ల (అంతకంటే బరువైన అణువులను ఆపే) సంచిలో నాలుగు రోజులు ఉంచుతాను, రోజుకు రెండుసార్లు నీళ్లు మారుస్తాను. సంచిలోని ద్రవం చిన్న సీసాలో పోసి గట్టిగా ఊపండి. నురగ నిలబడితే సబ్బు ఇంకా ఉండొచ్చు. నురగ లేకపోయినా నమ్మకండి, సంచి బయటి చివరి నీళ్లు కొన్ని లైసోజైమ్‌లో కలిపి చూడండి, వేగం తగ్గకూడదు.

నానోకణాలూ ఎంజైమూ అరగంట కలిపి ఉంచి, మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా ఉన్న మసక ద్రవంలో వేసి, 450 నానోమీటర్ల దగ్గర మసక ఎంత వేగంగా తగ్గుతోందో చూడండి. ఎంజైమ్ గోడలు కోసేకొద్దీ ద్రవం తేటపడుతుంది. నానోకణాలు కూడా కాంతిని చెదరగొడతాయి, అందుకే ఎంజైమ్ లేకుండా బ్యాక్టీరియా, నానోకణాలు మాత్రమే ఉన్న క్యువెట్ (కాంతి కొలిచే చిన్న పాత్ర) ఒకటి తప్పకుండా పెట్టండి.

వేగం తగ్గిందా? ఇప్పుడు సోడియం క్లోరైడ్ కలపండి. ఛార్జ్ పట్టు సడలి ఎంజైమ్ బయటికి రావాలి. అయితే ఉప్పు ఎక్కువైతే లైసోజైమ్ తనంతట తానే మందగిస్తుంది, అందుకని అంతే ఉప్పులో ఉన్న వట్టి ఎంజైమ్‌తోనే పోల్చండి. సబ్బు లేదని తేలాక కూడా ఎంజైమ్ వదలకపోతే, తర్వాతి బ్యాచ్‌లో టెర్ట్-బ్యూటైల్ 40 నుంచి 20కి తగ్గించి, ఆ తేడాను ఐసోప్రొపైల్‌తో నింపండి.