వానలకి ఇంట్లో నెట్ పోతే లైబ్రరీ వైఫైకి పరిగెత్తే ముందు

అక్టోబర్ వచ్చేస్తోంది, చెన్నైలో ఉంటున్న మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఇక డిసెంబర్ దాకా ఆకాశం వైపు చూస్తూ బతకడమే. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను గుర్తుందిగా, తీరం దాటింది మన బాపట్ల దగ్గరే గానీ దానికి ముందే చెన్నైని ముంచేసి మరీ పోయింది, వేలచ్చేరి వైపు కరెంటు లేదు, నెట్ లేదు, ఫోన్లో సిగ్నల్ కూడా వచ్చీ పోతూ ఉండేది. అలాంటప్పుడు నీళ్ళు కాస్త తగ్గగానే ల్యాప్‌టాప్ కవర్లో చుట్టి బ్యాగులో పడేసుకుని ఫ్రీ వైఫై ఉన్న లైబ్రరీకి పోతాం, నేనూ అదే బ్యాచ్, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఒకటి, ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే "పబ్లిక్ వైఫై ఆన్ చేస్తే అకౌంట్ ఖాళీ" ఫార్వర్డ్‌లు చూసి మరీ భయపడిపోవద్దు. ఒకప్పుడు అది నిజంగానే భయపడాల్సిన విషయం, 2010లో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక యాడాన్ వచ్చింది, ఓపెన్ వైఫైలో పక్కన కూర్చున్నవాడి ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరిపోవచ్చు, ఎందుకంటే అప్పట్లో చాలా సైట్లు లాగిన్ అయ్యేవరకే ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా వేసే తాళం) పెట్టి తర్వాత గాలికొదిలేసేవి. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే లాగిన్ తర్వాత కూడా ఆ తాళం ఉండేవే, వైఫై నడిపేవాడికి మీరు ఏ సైట్‌కి వెళ్ళారో తెలుస్తుంది గానీ లోపల ఏం టైప్ చేశారో కనపడదు. మరి దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, మనంతట మనమే తీసుకెళ్ళి పాస్‌వర్డ్ దొంగ చేతిలో పెట్టినప్పుడు.

నాకు అలాగే తగిలింది. అలా లైబ్రరీకి వెళ్ళిన ఒక రోజు వైఫై లిస్టులో రెండు నెట్‌వర్క్‌లు కనపడ్డాయి, ఒకటి లైబ్రరీ పేరు, ఇంకోటి అదే పేరుకి చివర "ఫ్రీ" అని, ఫుల్ సిగ్నల్, లాక్ లేదు. ఇంకేం, నొక్కేశా. గూగుల్‌తో లాగిన్ అవ్వండి అని పేజీ వచ్చింది, రంగు రంగుల లోగోతో అచ్చం గూగుల్‌లాగే ఉంది, పైన అడ్రస్ చూడకుండా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టేశా, నెట్ కూడా శుభ్రంగా వచ్చింది. అరగంట తర్వాత ఫోన్లో "సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా" అని అడిగింది. కాదు అని నొక్కి, మొబైల్ డేటాలోకి మారి పాస్‌వర్డ్ మార్చేసరికి చేతులు చల్లబడిపోయాయి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్లో కూడా ఒప్పుకుంటేనే తెరుచుకోవడం) ఆన్‌లో ఉంది కాబట్టి బతికిపోయా, లేకపోతే ఆ మెయిల్‌కే బ్యాంకు, డిజిలాకర్ అన్నీ తగిలించి ఉన్నాయి. ఆ నెట్‌వర్క్ ఎవడు పెట్టాడో ఇప్పటికీ తెలీదు.

ఇలా అసలు వైఫై పేరుని పోలిన పేరుతో దొంగ వైఫై పెట్టడాన్నే ఈవిల్ ట్విన్ అంటారు. ఆస్ట్రేలియాలో ఎయిర్‌పోర్టుల్లో, విమానాల్లో కూడా ఇలాంటి దొంగ వైఫై పెట్టాడని 2024లో పోలీసులు ఒకడి మీద కేసు పెట్టారు, అక్కడ కూడా ఫేక్ పేజీలో మెయిల్, సోషల్ మీడియా లాగిన్ అడగడమే. కాబట్టి లోపలికి వెళ్ళగానే కౌంటర్ దగ్గర అడగండి, తమిళం రాకపోయినా "వైఫై పేరెన్న సార్" అంటే చాలు, బోర్డు మీద రాసి ఉంటే అక్షరం అక్షరం పోల్చుకోండి. మన దగ్గర పబ్లిక్ వైఫైలో మొబైల్ నంబర్ అడిగి ఓటీపీ పంపడం మామూలే, దానికి కంగారు పడొద్దు, కానీ వచ్చిన మెసేజ్ ఒకసారి చదవండి, అది వైఫైకి వచ్చిన ఓటీపీయా, బ్యాంకు నుంచో వాట్సాప్ నుంచో వచ్చిందా అని. మెయిల్ పాస్‌వర్డ్, కార్డు నంబర్, యూపీఐ పిన్ అడిగితే లేచి వచ్చేయండి. ఏదో యాప్ వేసుకోమన్నా, సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయమన్నా అంతే. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బ్రౌజర్ ఎర్రగా అరిస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్ళే అలవాటు చాలామందికి ఉంది, బ్యాంకు సైట్ దగ్గర మాత్రం ఆ పని చెయ్యొద్దు.

యూపీఐకి వైఫై ఆపేసి మొబైల్ డేటా వాడండి, దానికి అయ్యే డేటా ఎంతని. ఫ్రీ వీపీఎన్ (మన నెట్ అంతా ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా తిప్పే యాప్) వేసుకుంటే సేఫ్ అని కొందరంటారు, నాకైతే నమ్మకం లేదు, లైబ్రరీ వాడు చూస్తాడని ఊరూ పేరూ తెలీని వాడికి మొత్తం అప్పజెప్పినట్టు ఉంటుంది, ఆఫీసు వాళ్ళు ఇచ్చినది ఉంటే అది వేరే సంగతి.

వైఫై కంటే నాకు ఎక్కువ భయం అక్కడుండే కంప్యూటర్లంటే. ఒకసారి హాల్ టికెట్ ప్రింట్ కోసం కూర్చుని డౌన్‌లోడ్స్ తెరిస్తే ఎవరెవరివో ఆధార్ పీడీఎఫ్‌లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, సంతకాల స్కాన్లు, "మార్క్స్ మెమో ఫైనల్ 2" అని ఒకటి, పక్క ట్యాబ్‌లో ఎవరిదో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది, వాళ్ళమ్మగారు తిన్నావా అని అప్పుడే మెసేజ్ పెట్టారు. నేనే లాగౌట్ చేశా. ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ మిగల్చని బ్రౌజర్ విండోలో చేసినా డౌన్‌లోడ్ అయిన ఫైల్ అక్కడే ఉంటుంది, ప్రింట్ అయ్యాక డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. వాట్సాప్ తెరిచి వచ్చేశానేమో అని డౌటొస్తే ఫోన్లోనే లింక్డ్ డివైజెస్‌కి వెళ్ళి ఆ కంప్యూటర్‌ని తీసేయొచ్చు, మళ్ళీ వానలో వెనక్కి పోనక్కర్లేదు. బ్యాంకు పని మాత్రం ఆ కంప్యూటర్లో అస్సలొద్దు, మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ రికార్డు చేసే కీలాగర్ ఉంటే ఇన్‌కాగ్నిటో ఏమీ ఆపలేదు.

సొంత ల్యాప్‌టాప్ అయితే విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని పెట్టండి, ఫోన్లో పక్కనున్న ఫోన్లకి ఫైళ్ళు పంపే క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్ అందరికీ తెరిచి పెట్టొద్దు. టీకి వెళ్ళేటప్పుడు స్క్రీన్ లాక్ కాదు, ల్యాప్‌టాపే పట్టుకెళ్ళండి. వచ్చేటప్పుడు ఆ వైఫైని ఫర్గెట్ కొట్టేయండి, లేకపోతే అదే పేరుతో ఇంకెవడైనా ఓపెన్ నెట్‌వర్క్ పెడితే ఫోన్ మనల్ని అడక్కుండానే వెళ్ళి అతుక్కునే ఛాన్స్ ఉంది.

డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఇంటికెళ్ళి ఆలోచిద్దాం అనుకోకండి, అక్కడి నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, తర్వాత బ్యాంకుకి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు అవతలి అకౌంట్లో ఆగే అవకాశం అంత ఎక్కువ, కాల్ చేసేటప్పుడు ట్రాన్సాక్షన్ నంబర్ ఉన్న మెసేజ్ దగ్గర పెట్టుకోండి, అదే అడుగుతారు.